గుణదల కొండ మీద కొబ్బరికాయ, జనగణనలో ఒక్క గడి

క్లుప్తంగా: మనిషి అస్తిత్వాన్ని కొలిచేందుకు మనస్తత్వ శాస్త్రం వాడే పరికరాలు ఎక్కువగా అమెరికా, యూరప్‌లలో తయారయ్యాయి. అవి మతాన్ని, జాతిని, భాషను విడివిడిగా చూస్తాయి. కృష్ణా తీరంలో ఇవన్నీ కులంతో, ఇంటిపేరుతో, ఊరితో పెనవేసుకుని ఉంటాయి. ఒకే మనిషికి అనేక అస్తిత్వాలు ఉండటం ఇక్కడ పాత సంగతి. వాటిలో ఒకటే చెప్పమని కాగితం అడిగినప్పుడే అసలు చిక్కు మొదలవుతుంది. చట్టంలో, ఊరి సంబంధాల్లో, మానసిక వైద్యుడి గదిలో ఆ చిక్కు ఎలా పనిచేస్తుందన్నది ఈ వ్యాసం విషయం.

రెండు కొండలు, ఒకే వరస

ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు విజయవాడ గుణదలలో మేరీమాత ఉత్సవాలు జరుగుతాయి. ఆ మూడు రోజులూ కొండ ఎక్కే జనంలో బాప్తిస్మం తీసుకున్నవారు ఉంటారు, మామూలు రోజుల్లో చర్చి గడప తొక్కనివారూ ఉంటారు. తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయలు కొడతారు, మొక్కు తీర్చుకుని దిగుతారు. అదే ఊళ్లో ఇంద్రకీలాద్రి మీద కనకదుర్గమ్మ దగ్గర దసరాకు కనిపించేదీ చాలావరకు ఇదే వరస. రెండు కొండలూ ఎక్కే కుటుంబాలు విజయవాడకు కొత్త కాదు. పిల్లవాడికి జ్వరం తగ్గకపోతే గుణదలకు మొక్కుకోవడం, ఉద్యోగం వస్తే దుర్గమ్మకు చీర పెట్టడం, గాలి సోకిందని తోస్తే దర్గాలో తాయెత్తు కట్టించడం ఒకే ఇంట్లో జరగవచ్చు. ఇందులో పొసగనిదేదో ఉందని ఆ ఇంట్లోవాళ్లు అనుకోరు.

ఆ ఇంటికే జనగణన ఉద్యోగి వచ్చి మతం అడిగితే ఒక్క మాటే చెప్పాలి. 2011 ఫారాన్ని పట్టి చూస్తే ఒక చిత్రమైన తేడా బయటపడుతుంది. భాష దగ్గర ఫారం చెయ్యి పెద్దది. మాతృభాష రాసిన తరువాత, తెలిసిన మరో రెండు భాషలకు కూడా చోటు ఇచ్చింది. మతానికి ఇచ్చింది ఒక్క గడి. మనిషికి మూడు భాషలు ఉండవచ్చని ఒప్పుకున్న ఫారం, రెండు మొక్కులు ఉండవచ్చని ఒప్పుకోలేదు. 2027 మార్చి 1ని ప్రాతిపదిక తేదీగా పెట్టుకున్న కొత్త గణనలో కులం కూడా అడుగుతామని కేంద్రం 2025 ఏప్రిల్ 30న ప్రకటించడంతో ఈ గడుల బరువు మరింత పెరిగింది. కులాలన్నింటినీ లెక్కించి అంకెలు ప్రచురించిన చివరి జనగణన 1931 నాటిది.

'జాతి' అంటే ఏది?

ఇంగ్లిష్‌లో 'ఎథ్నిక్' అనే మాటకు తెలుగులో కుదురైన సాటి మాట దొరకదు. 'జాతి' అంటే భారత జాతి కావచ్చు, తెలుగు జాతి కావచ్చు, స్త్రీ జాతి కావచ్చు, కులమూ కావచ్చు. 'తెగ' అంటే గిరిజనులే మనసులో మెదులుతారు. పత్రికలు వాడే 'సామాజిక వర్గం' అన్నది కులం పేరు ఎత్తకుండా కులం గురించి చెప్పడానికి పుట్టిన మర్యాద మాట. ఏ వర్గమో పాఠకుడికి ఇంటిపేరు చూడగానే తెలిసిపోతుంది కనుక ఆ మర్యాద ఎవరిని కాపాడుతుందో చెప్పడం కష్టం.

ఇది నిఘంటువుకు మాత్రమే సంబంధించిన ఇబ్బంది అయితే పెద్దగా పట్టించుకోనక్కరలేదు. అమెరికాలో జాతి అస్తిత్వ పరిశోధన నల్లజాతీయుల మీద, మెక్సికో నుంచీ ఆసియా నుంచీ వచ్చిన కుటుంబాల మీద పెరిగింది. చర్మం రంగు, ఇంట్లో మాట్లాడే భాష, తాతల దేశం అక్కడ తేడాను చూపే గుర్తులు. గుంటూరు అరండల్‌పేటలో అద్దె ఇల్లు వెతుక్కునే మనిషి విషయంలో ఈ మూడూ పెద్దగా పనికిరావు. ఇంటి యజమాని రంగు చూడడు, భాష అడగడు. "మీ ఇంటిపేరు?" అంటాడు, తరువాత "ఏ ఊరు?" అంటాడు. అప్పటికీ తేలకపోతే "మాంసం తింటారా?" అంటాడు. మూడు ప్రశ్నల్లో కులం, మతం, వంటిల్లు అన్నీ తెలిసిపోతాయి, కులం అన్న మాట ఒక్కసారీ రాకుండానే.

పేర్లు కూడా అనుకున్నంత నమ్మదగ్గ ఆధారాలు కావు. గుంటూరులో కాలే మస్తాన్ దర్గా ఉంది. ఈ ప్రాంతపు హిందూ కుటుంబాల్లో మస్తాన్ రావు, మస్తానమ్మ, సైదులు వంటి పేర్లు సర్వసాధారణం. దర్గాకు మొక్కుకుంటే పుట్టిన బిడ్డకు ఆ పేరు పెట్టడం ఆనవాయితీ. అటువైపు చూస్తే దూదేకుల కుటుంబాలు ఉన్నాయి. ఇస్లాం వారి మతం, తెలుగు వారి ఇంటి భాష. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ ఆ కుటుంబాల నుంచే వచ్చి, పల్నాటి వీరుల కథలు చెప్పి బుర్రకథ పితామహుడు అనిపించుకున్నారు. 1986లో పద్మశ్రీ అందుకున్నారు. చిలకలూరిపేట కేంద్రంగా ఎదిగిన ముస్లిం నాదస్వర సంప్రదాయంలో నేర్చిన షేక్ చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుడి ఊరి విద్వాంసుడయ్యారు. వీళ్ల మీద 'మిశ్రమ సంస్కృతి' అన్న ముద్ర వేయడం సులభం. కానీ మిశ్రమం అనాలంటే ముందు రెండు వేరు వేరు పదార్థాలు ఉండాలి. నాజర్ బుర్రకథలో ఏది ఎక్కడ కలిసిందో గీత గీసి చూపడం ఎవరికైనా కష్టమే.

పేరులో నుంచి మతాన్ని పూర్తిగా తీసేసిన ప్రయోగం కూడా విజయవాడలోనే కనిపిస్తుంది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించి, 1947లో దానిని విజయవాడ పటమటకు తెచ్చిన గోరా తన పిల్లలకు దేవుళ్ల పేర్లు పెట్టలేదు. ఉప్పు సత్యాగ్రహ కాలంలో పుట్టిన కొడుకు లవణం అయ్యాడు, ప్రపంచ యుద్ధ కాలంలో పుట్టినవాడు సమరం అయ్యాడు. ఇంటిపేరు మాత్రం గోపరాజు గానే మిగిలింది. అంటే అద్దె ఇంటి మొదటి ప్రశ్నకు జవాబు ఇంకా దొరుకుతూనే ఉంటుంది.

ఏ అస్తిత్వం ఎప్పుడు పైకి తేలుతుందన్న దాని మీద పరిశోధన ఉంది. విలియం మెక్‌గ్వైర్ బృందం అమెరికా బడిపిల్లలను "నీ గురించి చెప్పు" అని అడిగి, 1978లో ఫలితాలు ప్రచురించింది. బడిలో తమ జాతివాళ్లు తక్కువగా ఉన్న పిల్లలే జాతి ప్రస్తావన ఎక్కువగా తెచ్చారు. చుట్టూ అందరూ తనలాంటి వాళ్లే అయితే ఆ సంగతి చెప్పాలని ఎవరికీ తోచదు. గుంటూరులో కులంతో గుర్తించబడే కుర్రవాడు హైదరాబాద్ వెళ్తే 'ఆంధ్రా' వాడవుతాడు, చెన్నైలో తెలుగువాడు, డల్లాస్‌లో ఇండియన్. డల్లాస్‌లోనూ తెలుగు సంఘాల ఎన్నికలు వచ్చేసరికి మళ్లీ గుంటూరు వాడు అవుతాడనేది వేరే కథ.

ఎవరిని చూసి రాసిన శాస్త్రం?

2008లో జెఫ్రీ ఆర్నెట్ అమెరికా మనస్తత్వ శాస్త్ర సంఘం వారి ఆరు ప్రధాన పత్రికలను తిరగేసి ఒక లెక్క తీశారు. పరిశోధనల్లో పాల్గొన్నవారిలో 96 శాతం పాశ్చాత్య పారిశ్రామిక దేశాలవారు. ఆ దేశాల జనాభా ప్రపంచంలో 12 శాతం. రెండేళ్ల తరువాత జోసెఫ్ హెన్రిచ్, స్టీవెన్ హైన్, ఆరా నోరెంజయాన్ ఇదే విషయాన్ని విస్తరించి, పాశ్చాత్య, విద్యావంత, పారిశ్రామిక, సంపన్న, ప్రజాస్వామ్య సమాజాల మనిషి మొత్తం మానవజాతికి నమూనాగా పనికిరాడని వాదించారు. ఆ అయిదు ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలు కలిపితే 'వియర్డ్' అవుతుంది, అంటే వింత. మామూలు మనిషి అనుకున్నవాడే వింత మనిషి అని తేలింది.

భారతదేశానికి నేరుగా సంబంధించిన ఒక పాత పరిశోధన ఇక్కడ ఉపయోగపడుతుంది. జోన్ మిల్లర్ 1984లో చికాగోలోని అమెరికన్లకూ మైసూరులోని హిందువులకూ ఒక సంఘటన చెప్పారు. ఒక లాయరు మోటార్‌సైకిల్ మీద వెళ్తుండగా టైరు పేలి, వెనుక కూర్చున్న మనిషి తలకు దెబ్బ తగిలింది. లాయరు అతన్ని ఆస్పత్రిలో దిగబెట్టి, దెబ్బ ఎంత తీవ్రమైనదో డాక్టరును అడగకుండానే కోర్టుకు వెళ్లిపోయాడు. ఆ మనిషి చనిపోయాడు. ఎందుకు అలా చేశాడు? అమెరికన్లు ఎక్కువగా లాయరు స్వభావంలో కారణం వెతికారు, బాధ్యత లేనివాడు అన్నారు. మైసూరువారు అతని పరిస్థితిలో వెతికారు, కోర్టులో కక్షిదారు ఎదురుచూస్తున్నాడు కదా, అది అతని విధి కదా అన్నారు. ఎనిమిదేళ్ల పిల్లల్లో మాత్రం రెండు దేశాల మధ్యా పెద్ద తేడా కనిపించలేదు. వయసు పెరిగేకొద్దీ తేడా పెరిగింది. మనిషిని అతని చుట్టూ ఉన్న సంబంధాల్లో పెట్టి చూసే అలవాటు పుట్టుకతో రాదని, పెంపకంలో వస్తుందని దీని అర్థం.

ఇలాంటి ఫలితాల నుంచి 'పాశ్చాత్యులు వ్యక్తివాదులు, మనం సమూహవాదులం' అన్న సూత్రం పుట్టి పాఠ్యపుస్తకాల్లో స్థిరపడింది. సూత్రం మరీ నున్నగా ఉంది. దుర్గానంద్ సిన్హా వంటి భారతీయ పరిశోధకులు ఇక్కడి మనిషిలో రెండు ధోరణులూ పక్కపక్కనే బతుకుతాయని చూపారు. విజయవాడ కార్పొరేట్ కాలేజీలో ర్యాంకు కోసం పక్కవాడితో పోటీపడే విద్యార్థి అదే ర్యాంకును కుటుంబం పరువు కోసం తెస్తున్నానని నమ్ముతాడు. అతన్ని ఏ గడిలో వేయాలి?

మెట్లు ఎక్కని అస్తిత్వం

యువకుల్లో జాతి అస్తిత్వం ఎలా ఏర్పడుతుందో చెప్పే సిద్ధాంతాల్లో ఎక్కువ ప్రభావం చూపింది జీన్ ఫీనీ నమూనా. ఎరిక్ ఎరిక్సన్, జేమ్స్ మార్షియా అనే మనస్తత్వవేత్తల ఆలోచనల మీద నిర్మించిన ఈ నమూనాలో మూడు దశలు ఉన్నాయి. మొదట జాతి గురించి ఆలోచనే ఉండదు. తరువాత ఏదో ఒక అనుభవం తగిలి వెతుకులాట మొదలవుతుంది. చివరకు తానెవరో స్థిరపరచుకుంటారు. 1992లో ఆమె ప్రచురించిన ప్రశ్నావళి అనేక దేశాల్లో వాడుకలో ఉంది.

ఈ మెట్ల వరసను గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో పెట్టి చూస్తే అది ఒకచోట సరిపోయి, మరోచోట జారిపోతుంది. అక్కడ కొన్ని మాదిగ కుటుంబాలు, అంతకుముందు బాప్టిస్టు క్రైస్తవులు, 1980ల చివర్లో తాము ఇజ్రాయెల్ కోల్పోయిన గోత్రాల్లో ఎఫ్రాయిము సంతతి అని ప్రకటించుకున్నాయి. 1990ల ఆరంభంలో అక్కడ ఒక సినగాగు, అంటే యూదుల ప్రార్థన మందిరం, వెలిసింది. 'బెనె ఎఫ్రాయిమ్' అని పిలిచే ఈ సమూహాన్ని యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే మానవ శాస్త్రవేత్తలు దగ్గరగా చూసి రాశారు. శవాన్ని దహనం చేయకుండా పాతిపెట్టడం, గొడ్డుమాంసం తినడం వంటివి కుల సమాజం నీచంగా చూసిన ఆచారాలు. ఈ కుటుంబాల కథనంలో అవే పూర్వపు యూదు జీవితానికి ఆనవాళ్లు అయ్యాయి.

ఇక్కడ వెతుకులాట ఉంది, ఫీనీ చెప్పినట్టే. అయితే అది ఒక్కొక్క యువకుడు తనలో తాను చేసిన వెతుకులాట కాదు. కుటుంబాలకు కుటుంబాలు కలిసి చేసినది. దీనికి ఎక్కువగా పనికొచ్చేది హెన్రీ తాజ్‌ఫెల్, జాన్ టర్నర్‌ల సామాజిక అస్తిత్వ సిద్ధాంతం. కింద పడేసిన సమూహం ముందు మూడు దారులు ఉంటాయని వారు 1979లో రాశారు. వ్యక్తులుగా ఆ సమూహాన్ని వదిలి బయటకు పోవడం ఒకటి. పై సమూహంతో నేరుగా పోటీపడి స్థానం మార్చుకోవడం రెండోది. కొలిచే కొలతనే మార్చేయడం మూడోది. కొత్తరెడ్డిపాలెం ఎంచుకున్నది మూడో దారి. ఊళ్లోని పెద్ద కులాలతో పోల్చుకోవడం మానేసి, ఊరికి, దేశానికి అవతల ఉన్న ఒక ప్రాచీన జాతితో తమను జోడించుకుంది. తెలుగులో దీనికి మరో పొర కూడా ఉంది. తెలుగు బైబిల్ ఇజ్రాయెల్ తెగలకు వాడిన మాట 'గోత్రము'. పెళ్లి సంబంధాల్లోనూ పూజల్లోనూ వినిపించే ఆ మాట, వంశ గౌరవం నిరాకరించబడిన వాడల్లోకి బైబిల్ ద్వారా మరో రూపంలో వచ్చింది. 'కోల్పోయిన గోత్రం' అన్నప్పుడు తెలుగు చెవికి వినిపించేదంతా ఇంగ్లిష్‌లో వినిపించదు.

అదే వాడల నుంచి మరో దారి కూడా వచ్చింది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం, అవమానంగా వాడిన కులం పేరునే వ్యక్తి పేరు చివర బిరుదులా పెట్టింది. ఒక ఊరు కొత్త పేరు తెచ్చుకుంది, మరొక ఊరు పాత పేరుకే తల ఎత్తడం నేర్పింది. రెండూ ఒకే గాయానికి పూసిన వేరు వేరు మందులు.

తాజ్‌ఫెల్ జీవితమే ఈ చర్చకు ఒక అనుబంధం. పోలండ్‌లో పుట్టిన ఈ యూదుడు రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి సైన్యంలో చేరి జర్మన్లకు చిక్కాడు. పోలండ్ యూదుడని తేలితే చావే. ఫ్రెంచివాడిగా చెలామణీ అయి బతికాడు. యుద్ధం ముగిసేసరికి కుటుంబంలో దాదాపు ఎవరూ మిగల్లేదు. తరువాత బ్రిస్టల్‌లో బడిపిల్లలను క్లీ అనే చిత్రకారుడి బొమ్మలు నచ్చినవారు, కాండిన్‌స్కీ అనే మరో చిత్రకారుడి బొమ్మలు నచ్చినవారు అని ఉత్తుత్తిగా విడదీసి చేసిన ప్రయోగాల్లో, ఆ పాటి విభజన చాలు, పిల్లలు తమ జట్టుకే మొగ్గు చూపడం మొదలుపెడతారని 1970ల ఆరంభంలో చూపాడు. అవతలి జట్టు కంటే తమది పైన ఉండటం కోసం తమకు వచ్చే మొత్తాన్ని కొంత తగ్గించుకోవడానికి కూడా వారు సిద్ధపడ్డారు. ఏ గడిలో పడ్డామన్నది ప్రాణం మీదికి రావడం చూసిన మనిషి, గడి ఎంత పలచని కారణంతోనైనా పుడుతుందని తేల్చాడు.

ఒకే మనిషిలో అనేకం: సర్దుబాటు ఎలా?

సోనియా రోకాస్, మెరిలిన్ బ్రూవర్ 2002లో ప్రతిపాదించిన ఒక ఆలోచన కృష్ణా, గుంటూరు ప్రాంతాలకు మిగతా వాటి కంటే బాగా అతుకుతుంది. ఒక మనిషి తనకున్న అనేక సమూహాలను మనసులో నాలుగు రకాలుగా అమర్చుకోవచ్చని వారు అన్నారు.

ఒకటి, రెండు సమూహాలూ కలిసిన చోటే 'మనవాళ్లు' అనుకోవడం. ఫిరంగిపురం వైపు రెడ్డి క్యాథలిక్ కుటుంబాల్లో పెళ్లి సంబంధం చూసేటప్పుడు కనిపించేది ఇదే. క్యాథలిక్ అయితే చాలదు, రెడ్డి అయినా చాలదు, రెండూ కావాలి. మతం మారితే కులం పోతుందన్న మాట ఎంత నిజమో తెలుసుకోవడానికి క్రైస్తవ పెళ్లి ప్రకటనలు ఒక పూట చదివితే చాలు. రెండోది, ఒక సమూహం మిగతా అన్నింటినీ కప్పేయడం. మూడోది సందర్భాన్ని బట్టి విడదీసుకోవడం: ఆఫీసులో ఒకరు, ఆదివారం మరొకరు. నాలుగోది, అన్ని సమూహాలవారినీ తనవారిగా కలుపుకోవడం. ఈ నాలుగో పద్ధతికి దగ్గరగా ఉన్నవారు పరాయి సమూహాల పట్ల ఎక్కువ సహనంతో ఉంటారని ఆ పరిశోధనలు సూచించాయి.

గుణదలలో కొబ్బరికాయ కొట్టే చేయి నాలుగో పద్ధతికి చెందినదని సంతోషపడటానికి తొందర అక్కరలేదు. మేరీమాతకు మొక్కే ఇల్లే కూతురు క్రైస్తవుణ్ణి పెళ్లి చేసుకుంటానంటే తలుపు వేయవచ్చు. మొక్కులో ఉన్న ఉదారత పెళ్లిలో ఉండదు, పెళ్లిలో లేనిది వ్యాపారంలో ఉండవచ్చు. మనిషి మొత్తానికి ఒకే సహన మట్టం ఉంటుందని కొలిచే ప్రశ్నావళులు ఈ తేడాను పట్టుకోలేవు.

కాగితం మీద మతం

మూడో పద్ధతి, విడదీసుకోవడం, ఇక్కడ మనసు కంటే చట్టం వల్ల ఎక్కువగా పెరిగింది. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం మొదట హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు ఇప్పటికీ బయటే ఉన్నారు. షెడ్యూల్డ్ తెగలకు ఈ మత నియమం లేదు. గిరిజనుడు క్రైస్తవుడైనా ఎస్టీయే. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీలకు రిజర్వేషన్ 15 శాతం. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలను, వారి సంతానాన్ని వెనుకబడిన తరగతుల్లోని 'సి' గ్రూపులో (బీసీ-సీ) పెట్టారు, దాని వాటా 1 శాతం. అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ, రిజర్వుడు నియోజకవర్గాల్లో పోటీ చేసే హక్కు కూడా ఎస్సీ హోదాతోనే ముడిపడి ఉన్నాయి.

గుంటూరు జిల్లా చరిత్రతో కలిపి చూస్తే దీని బరువు తెలుస్తుంది. లూథరన్ మిషనరీ హేయర్ 1842లో గుంటూరు వచ్చారు. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో వచ్చి మహిళల వైద్యానికి పునాది వేశారు. దక్షిణాన ఒంగోలు దగ్గర 1878 జూలైలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, వారిలో అత్యధికులు మాదిగలు. బడి, ఆస్పత్రి, చదువు, ఆత్మగౌరవం ఆ వాడలకు చర్చి దారిలో వచ్చాయి. అయినా 2011 గణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతమే. గుంటూరు నుంచి తెనాలి దాకా రోడ్డు పక్కన కనిపించే ప్రార్థన మందిరాలకూ ఈ అంకెకూ పొంతన కుదరకపోవడానికి ఒక కారణం గణన ఫారం నిర్మాణంలోనే ఉందని చెప్పవచ్చు. అందులో క్రైస్తవమని చెప్పినవారిని ఎస్సీగా నమోదు చేసే వీలు లేదు. చర్చికి వెళ్తూ కాగితం మీద హిందువునని రాయించుకోవడాన్ని మోసం అని ఒక పక్షం, నిస్సహాయత అని మరో పక్షం అంటాయి. యంత్రాంగం వైపు నుంచి చూస్తే ఇది ఊహించదగ్గ ఫలితం: ఒక జవాబుకు 15, మరో జవాబుకు 1 అని వెల కట్టిన ప్రశ్నకు వచ్చే సమాధానాలు విశ్వాసాన్ని కొలవవు.

న్యాయస్థానాల వైఖరి ఇటీవల గట్టిపడింది. విశ్వాసం లేకుండా ఉద్యోగ రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగానికి వంచన అని సుప్రీంకోర్టు 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒక కేసులో అంది. క్రైస్తవంలోకి మారి పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల చట్టం కింద రక్షణ కోరలేడని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025లో తీర్పు ఇచ్చింది. మరోవైపు దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని రాష్ట్ర శాసనసభ 2023 మార్చిలో తీర్మానించింది. మతం మారిన దళితుల స్థితిని పరిశీలించడానికి జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కేంద్రం 2022లో కమిషన్ వేసింది.

మానసికంగా దీని ప్రభావం ఏమిటి? బయటపడితే నష్టం కలిగించే అస్తిత్వాన్ని దాచుకుని బతికేవారి మీద జరిగిన పరిశోధనలు తరచూ ఒక విషయం చెబుతాయి. దాచే పని కూడా అలసట కలిగిస్తుంది. ఎవరికి ఏం తెలుసు, ఎవరి ముందు ఏ పేరు వాడాలి, పెళ్లి కార్డు మీద శిలువ అచ్చు వేయించాలా వద్దా అన్న లెక్క ఎప్పుడూ నడుస్తూ ఉండాలి. సర్టిఫికెట్‌లో ఒక పేరు, చర్చిలో బాప్తిస్మపు పేరు ఉన్న ఉద్యోగి పదోన్నతి దగ్గర పడినప్పుడు ఎవరైనా ఫిర్యాదు చేస్తారేమోనని నిద్ర పట్టక డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆ నిద్రలేమికి కారణం రక్తపరీక్షలో దొరకదు.

పక్కపక్కన ఉంటే సరిపోతుందా?

భిన్న వర్గాలు కలిసి మెలిసి ఉంటే ద్వేషం తగ్గుతుందన్నది లోకంలో ఉన్న నమ్మకం. గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో దానికి నాలుగు షరతులు పెట్టారు: ఆ కలయికలో ఇద్దరికీ సమాన స్థానం, ఉమ్మడి లక్ష్యం, సహకారం, చట్టం లేదా అధికారం నుంచి మద్దతు. థామస్ పెటిగ్రూ, లిండా ట్రాప్ 2006లో 515 అధ్యయనాలను కలిపి చూసి, పరిచయం సాధారణంగా ద్వేషాన్ని తగ్గిస్తుందని, షరతులు నెరవేరితే ఇంకా బాగా తగ్గిస్తుందని తేల్చారు.

మొదటి షరతు లేకపోతే ఏమవుతుందో గుంటూరు జిల్లాకు తెలుసు. 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితులు హత్యకు గురయ్యారు. చంపినవారూ చనిపోయినవారూ ఒకరికొకరు కొత్త కాదు, ఒకే ఊరివాళ్లు, ఒకే పొలాల్లో ఒకరు యజమానులుగా ఒకరు కూలీలుగా తిరిగినవాళ్లు. తరాల పరిచయం ఉంది, సమానత లేదు. దళిత యువకులు చదువుకుని సమానంగా మసలడం మొదలుపెట్టగానే ఆ పరిచయమే కక్షగా మారింది.

అశుతోష్ వార్ష్నే 2002లో ప్రచురించిన అధ్యయనం దీనికి మరో వైపు చూపిస్తుంది. అలీగఢ్-కాలికట్, హైదరాబాద్-లక్నో, అహ్మదాబాద్-సూరత్ అని జతలుగా తీసుకుని, హిందూ-ముస్లిం అల్లర్లు కొన్ని ఊళ్లలో ఎందుకు పదే పదే జరుగుతాయో, మరికొన్నిటిలో ఎందుకు ఆగిపోతాయో చూశారు. రోజువారీ పలకరింపులు ఉపద్రవం వచ్చినప్పుడు నిలబడవు. రెండు మతాలవారూ సభ్యులుగా ఉన్న వర్తక సంఘాలు, కార్మిక సంఘాలు, పార్టీలు నిలబడతాయి, పుకారు పుట్టిన చోటే దాన్ని తుంచేస్తాయి. ఈ లెక్కన చూస్తే విజయవాడలో గుణదల ఉత్సవం కంటే ఆటోనగర్ లారీ మెకానిక్కుల సంఘం లాంటిది శాంతికి ఎక్కువ పనికొస్తుందని చెప్పాల్సి వస్తుంది. ఉత్సవానికి ఏడాదికి మూడు రోజులు, షెడ్డుకు మిగతా రోజులన్నీ.

వైద్యుడి గదిలో

అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013 నాటి తన రోగనిర్ధారణ గ్రంథంలో 16 ప్రశ్నల సాంస్కృతిక సంభాషణ పద్ధతి చేర్చింది. రోగి తన బాధను తన మాటల్లో ఏమంటాడు, ఇంట్లోవాళ్లకు ఎలా చెబుతాడు, ఇంతకుముందు ఎవరెవరి దగ్గరికి వెళ్లాడు అని అది అడుగుతుంది. నేపథ్యంలో, అస్తిత్వంలో తనకు ముఖ్యమైన అంశాలేమిటని కూడా అడుగుతుంది. ఆ ప్రశ్న బహువచనంలో ఉంది, గణన ఫారానికి భిన్నంగా.

తెలుగులో మొదటి ప్రశ్నకు వచ్చే జవాబులు ఏ గ్రంథంలోనూ పట్టవు. హాస్టల్లో చేరిన పిల్ల 'బెంగ పెట్టుకుంది' అంటారు. బెంగ అంటే దిగులు మాత్రమే కాదు, మనుషుల కోసం, ఇంటి కోసం కలిగే దిగులు. దాన్ని 'డిప్రెషన్' అని రాస్తే ఆ మనుషులు, ఆ ఇల్లు రాతలోంచి జారిపోతారు. 'నరాల బలహీనత' అని వచ్చిన మగవాడు ఆందోళన గురించి చెబుతూ ఉండవచ్చు. 'గాలి సోకింది' అన్న కుటుంబం అప్పటికే దర్గాకూ ప్రార్థన కూటానికీ వెళ్లి వచ్చి ఉండవచ్చు. తాన్యా లూర్‌మన్ బృందం కాలిఫోర్నియా, ఘనాలోని ఆక్రా, చెన్నైలలో స్కిజోఫ్రీనియా (లేని గొంతులు వినిపించే మానసిక జబ్బు) ఉన్నవారిని 20 మంది చొప్పున పలకరిస్తే, అమెరికన్లకు వినిపించే గొంతులు ఎక్కువగా పరాయివి, హింసాత్మకమైనవి. చెన్నైలో చాలామందికి వినిపించినవి బంధువుల గొంతులు, స్నానం చెయ్యి, ఇల్లు ఊడువు అని మందలించేవి. ఒకే జబ్బు అత్తగారి గొంతుతో ఒకచోట, అపరిచితుడి గొంతుతో మరోచోట మాట్లాడుతుంది.

మత స్థలాలను వైద్యానికి శత్రువులుగానో, ప్రత్యామ్నాయాలుగానో చూడటం రెండూ తప్పుదారి పట్టిస్తాయి. తమిళనాడులో ఒక గుడిలో ఉండి వెళ్లిన 31 మంది మానసిక రోగుల లక్షణాలు సగటున 20 శాతం దాకా తగ్గాయని 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు రాశారు. అక్కడ రోగులను కట్టేయలేదు, కుటుంబం పక్కనే ఉంది. అదే రాష్ట్రంలోని ఏర్వాడిలో దర్గా సమీపాన ఒక ఆశ్రయంలో 2001 ఆగస్టు 6న మంటలు లేస్తే, గొలుసులతో కట్టేసి ఉన్న కారణంగా 28 మంది చనిపోయారు. తేడా దేవుడిలో లేదు, గొలుసులో ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసును నిషేధించింది, మతం, కులం ఆధారంగా వైద్యంలో వివక్షను కూడా నిషేధించింది.

ఇక్కడి సలహాదారులకు మిగిలే ఇబ్బంది ఒకటుంది. విజయవాడలో "మీ నేపథ్యం ఏమిటి?" అని అడిగితే అవతలి మనిషికి వినిపించేది "మీ కులం ఏమిటి?" అనే. బయట బోర్డు మీద ఉన్న డాక్టరు ఇంటిపేరును అతను అప్పటికే చదివేసి ఉంటాడు. అందువల్ల అదే సమాచారాన్ని మరోవైపు నుంచి రాబట్టడం మేలు: కష్టం వస్తే ముందు ఎవరికి ఫోను చేస్తారు, ఎక్కడ మొక్కుకుంటారు, ఏ విషయం ఇంట్లో చెప్పలేరు. వీటికి వచ్చే జవాబులో కులం, మతం, భయం వాటంతట అవే బయటపడతాయి, ఒకదాని వెంట ఒకటి, మనిషి పెట్టుకున్న వరసలో.

గణన ఉద్యోగికి ఆ వెసులుబాటు లేదు. కొత్తరెడ్డిపాలెంలో తలుపు తట్టినప్పుడు ఆ ఇంటివాళ్లు మతం దగ్గర హిందూ అంటే ఎస్సీ గడి తెరుచుకుంటుంది, సినగాగు లెక్కలోకి రాదు. యూదు అంటే సినగాగు లెక్కలోకి వస్తుంది, ఎస్సీ గడి మూసుకుపోతుంది. ఆ తరువాతి ప్రశ్నల్లో మాతృభాష తెలుగు అని రాస్తారు. వచ్చిన మరో రెండు భాషలు చెప్పమని ఉద్యోగి అడుగుతాడు. ఒకటి హీబ్రూ అని చెప్పినా ఏ గడీ మూసుకోదు.